నోట్సు రాస్తానంటున్న మేనకోడలికి

చి. హారికకు అత్తయ్య ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, "అది ఉద్యోగం మానేసి స్కూలు పిల్లలకి నోట్సులు రాస్తుందట, నువ్వైనా చెప్పక్కా" అన్నాడు. వాడు చెప్పమన్నది మానుకోమని. నేను ఆ మాట చెప్పను. ఎనిమిదో తరగతి నుంచి పది దాకా, అన్ని సబ్జెక్టులూ, ఒక్కదానివే అనేసరికి ముందు గుండె గుభేలుమంది. తర్వాత కాసేపటికి మురిసిపోయి పక్కింటివాళ్లకి కూడా చెప్పుకున్నాను. అది మీ నాన్నతో అనకు. ఫోనులో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ మధ్యలోనే పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పూర్తిగా చదువు.

నీకు తెలిసిన సంగతులు చకచకా చెప్పేస్తాను. 2024-25 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి కూడా ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది, కాబట్టి మీ అటక మీద నీ పాత పుస్తకాలు తియ్యకు. విజయవాడ లెనిన్ సెంటర్లో చవగ్గా వస్తున్నాయని పాత గైడులు మోసుకురాకు. పేపర్లు ఏడు, మార్కులు ఆరు వందలు. ఫిజికల్ సైన్సు, బయాలజీ విడివిడిగా రాయాలి, చెరో యాభై. పాఠానికి నాలుగు పేజీలు దాటనివ్వకు. అక్షరం మాత్రం పెద్దదిగా ఉండాలి. ఎందుకంటే నీ దగ్గర కొనేది ఒకడైతే, వాడి కాపీని జిరాక్సు తీయించుకునేది పదిమంది. ఆ జిరాక్సుకి మళ్లీ జిరాక్సు తీసినా గుణింతం కనపడాలి. జిరాక్సు తీసుకున్నారని పిల్లల మీద ఎగరకు. డబ్బులుంటే కొనుక్కునేవాళ్లే.

ఇక నన్ను రాత్రి నిద్రపోనివ్వని సంగతి.

మా స్కూల్లో ఏ సెక్షనుకి ఫిజికల్ సైన్సు చెప్పే మాస్టారొకాయన ఉండేవారు. బీ సెక్షను నాది. ఆయన పేరు రాయను, వాళ్ల పిల్లలు నీకు తెలుసు. పాఠం చెప్పడంలో నేను ఆయన కాలిగోటికి సరిపోను. పిల్లలు కష్టపడుతున్నారని ఒక వేసవి సెలవులంతా కూర్చుని పదో తరగతి నోట్సు రాశారు. చేతిరాత ప్రతి నేను చూశాను, ఒక్క కొట్టివేత లేదు. దాన్ని బ్రాడీపేటలో డీటీపీ చేసే కుర్రాడికిచ్చారు. కాంతి వేగం సెకనుకి 3×10⁸ మీటర్లు కదా. ఆ కుర్రాడు పదిమీద చిన్నగా ఉండాల్సిన ఎనిమిదిని కిందికి దించి పది పక్కన కూర్చోబెట్టాడు. 3×108 అయింది.

మాస్టారు ప్రూఫులు చూడలేదా అంటావేమో. చూశారు, రెండుసార్లు చూశారు. ఆయనకి అది కంఠతా వచ్చిన సంగతి కాబట్టి, కాగితం మీద ఏమున్నా ఆయన కంటికి పది మీద ఎనిమిదే కనపడింది. రాసినవాడి కన్ను ప్రూఫులకి పనికిరాదని నేను పట్టుబట్టేది అందుకే.

మూడు నూట ఎనిమిదులు మూడువందల ఇరవై నాలుగు. అంటే కాంతి సెకనుకి 324 మీటర్లు పోతుంది. గాలిలో శబ్దమే దాదాపు 340 పోతుంది. ఆ నోట్సు ప్రకారం ఉరుము ముందు వినపడి, తర్వాత మెరుపు మెరవాలి! క్లాసు క్లాసంతా నెలల తరబడి దాన్ని బట్టీ పట్టింది. ఒక్కరూ నోరెత్తలేదు. చివరికి ఏ సెక్షను పిల్లే ఒకతి, ఆయన్ని అడగడానికి భయపడి, స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నా కోసం నిలబడింది. "టీచర్, ఇది గుణిస్తే చాలా తక్కువొస్తోందండీ" అని నోట్సు చూపించింది. పేజీ అంచున పెన్సిల్‌తో గుణకారం చేసి ఉంది. మాస్టారికి చూపిస్తే మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ సాయంత్రమే క్లాసులో నిలబడి అందరి చేతా దిద్దించారు.

కానీ దిద్దించింది ఆయన ముందున్న పిల్లల చేతేగా. అప్పటికే జిరాక్సులు ట్యూషన్లకి పాకిపోయాయి. ఆ తర్వాతి వేసవిలో స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లాను. మనకొచ్చే కట్టలు వేరే జిల్లావి. గాజులో కాంతి వేగం కనుక్కోమని లెక్క, వక్రీభవన గుణకం 1.5. కట్ట విప్పితే పేపరు తర్వాత పేపరులో 3×108! ఈ మాస్టారి నోట్సే అక్కడిదాకా పోయిందో, అక్కడా అలాంటి డీటీపీ కుర్రాడొకడు ఉన్నాడో దేవుడికే తెలియాలి. తమాషా ఏమిటంటే, మూడుని ఒకటిన్నరతో భాగిస్తే రెండు వస్తుంది. కాబట్టి పిల్లలంతా 2×108 అని దించేశారు. ఎనిమిది కాస్త కిందికి జారిందిలే అనుకుని అందరికీ మార్కులు పడ్డాయి. ఒక్క పిల్లాడు మాత్రం తన ముందున్న అంకెని నమ్మి, శుభ్రంగా గుణించి 324 తెచ్చి, దాన్ని 1.5తో భాగించి, 216 అని కింద రెండు గీతలు గీశాడు. కట్ట మొత్తంలో బుద్ధిగా లెక్క చేసినవాడు వాడే. కీ ప్రకారం మార్కు పోయిందీ వాడికే.

ఆ మాస్టారు మళ్లీ నోట్సు జోలికి పోలేదు. ఎంతో చెప్పి చూశాం. అది మాత్రం ఆయన చేసిన పొరపాటేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. రేపు నీ నోట్సులోనూ తప్పు దొర్లుతుంది. దొర్లిందని ముడుచుకు కూర్చోకు, మొదటి పేజీలో నీ ఫోన్ నంబరు వేసి "తప్పు కనపడితే చెప్పండి" అని రాయి. చెప్పిన పిల్లకి తర్వాతి పుస్తకం ఊరికే ఇవ్వు.

అంకె వేసిన ప్రతిచోటా దాన్ని మాటల్లో కూడా రాయి. "సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు, సూర్యుడి నుంచి మన దగ్గరికి రావడానికి ఎనిమిది నిమిషాల పైచిలుకు" అన్న ఒక్క వాక్యం పక్కన ఉండి ఉంటే ఆ ఎనిమిది ఎంత కిందికి జారినా పిల్లలు పట్టుకునేవాళ్లు. ప్రూఫులు తొమ్మిదో తరగతి పిల్లకివ్వు. పైకి చదవమను. ఎక్కడ తడబడితే అక్కడ నీ వాక్యం బాగాలేదని అర్థం.

క్లుప్తంగా రాయాలన్న తొందరలో అసలు కీలకాన్ని కొట్టెయ్యకు. కిరణజన్య సంయోగక్రియే తీసుకో. పుస్తకంలో సమీకరణానికి ఎడమవైపు ఆరు కార్బన్ డయాక్సైడ్‌తో పాటు పన్నెండు నీటి అణువులుంటాయి, కుడివైపు మళ్లీ ఆరు నీటి అణువులు వస్తాయి. రెండువైపులా ఉన్నదే కదా అని గైడువాళ్లు ఆరు కొట్టేసి ఆరే రాస్తారు. లెక్క సరిపోతుంది, సంగతి పోతుంది. మొక్క వదిలే ఆక్సిజన్ నీటి నుంచి వస్తుంది. ఆరు ఆక్సిజన్ అణువుల్లో పన్నెండు పరమాణువులు ఉంటాయి, వాటికి పన్నెండు నీళ్లు కావాలి. ఆరే రాస్తే, మిగతా ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందనుకుంటాడు పిల్లాడు. వాడి తప్పేముంది?

లెక్కల్లోనూ ఇదే రోగం. గసాభాని కసాగుతో గుణిస్తే ఆ సంఖ్యల లబ్ధం వస్తుందని బాక్సు కట్టి రాస్తారు. "రెండు సంఖ్యలకు మాత్రమే" అన్న ముక్క బాక్సులో పట్టదని వదిలేస్తారు. 2, 4, 8 తీసుకో. గసాభా 2, కసాగు 8, గుణిస్తే 16. మూడింటి లబ్ధం 64. బాక్సు పెద్దది చెయ్యి, షరతు మాత్రం తీసెయ్యకు.

సోషల్ దగ్గర జాగ్రత్త. 1953 అక్టోబరు 1 ఆంధ్ర రాష్ట్రం, రాజధాని కర్నూలు. 1956 నవంబరు 1 ఆంధ్రప్రదేశ్, రాజధాని హైదరాబాద్. ఈ రెండింటినీ కలిపేసి రాసిన నోట్సులు నేను ఎన్ని చూశానో. మీ తాతయ్యకి ఇందులో తిరకాసు ఉండేది కాదు, ఎందుకంటే ఆ మధ్యకాలంలో హైకోర్టు మన గుంటూర్లోనే ఉండేది. ఆయన ఆ రోజుల కబుర్లు మొదలుపెడితే మీ నాన్న, నేను అన్నం కంచాల దగ్గర చెయ్యి ఎండబెట్టుకుని వినేవాళ్లం. ఆ సంగతి ఒక వాక్యంలో రాయి. మన పిల్లలకి ఆ తేదీలు అలాగైనా గుర్తుంటాయి. మ్యాపులు మాత్రం పాతవి ఎత్తకు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక నరసరావుపేట పల్నాడు జిల్లాకి పోయింది. పాత గైడులో అది ఇంకా మన గుంటూరు జిల్లాలోనే తిరుగుతోంది.

తెలుగుకి ప్రతిపదార్థం ఎత్తేసి భావం ఒక్కటే ఇవ్వకు. గణాలకి యమాతారాజభానసలగం ఒక్క లైను చాలు, కానీ గురులఘువులు గుర్తించిన పద్యపాదాలు మాత్రం కనీసం నాలుగు ఉండాలి. చూపిస్తే వచ్చే విద్య అది, చెబితే రాదు. హిందీలో మన పిల్లలు బోల్తా కొట్టేది "నే" దగ్గర. "రామ్ నే రోటీ ఖాయీ" అన్నప్పుడు క్రియ రాముణ్ని వదిలేసి రొట్టె వెంట పోతుందని తెలుగులోనే చెప్పు. ఇంగ్లీషు సంగతి నన్ను అడగకు.

ఇంకొక్కటి. అట్ట మీద "ష్యూర్ క్వశ్చన్స్" అని వేశావంటే నేను నీతో మాట్లాడను. జిరాక్సు షాపువాడు వెయ్యమంటాడు, వేస్తే అమ్ముడుపోతుందంటాడు. వాడి మాట అబద్ధం కాదు కూడా. ఖాయంగా వస్తాయని చుక్కలు పెట్టిన ప్రశ్నలు తప్ప మిగతావి చదవడం మానేసి, ఆ చుక్కలు రాకపోతే హాల్లో టెన్షన్‌తో పెన్ను కొరుక్కుంటూ కూర్చున్న పిల్లల్ని ఇన్విజిలేటరుగా నేను చూశాను. ఇంటికి వెళ్లి ఏం చేసుకుంటారోనని సాయంత్రం దాకా మనసు మనసులో ఉండేది కాదు. ముప్పై అయిదు వస్తే చాలనుకునే పిల్లాడికి ప్రతి పాఠంలో తేలికైన రెండు ప్రశ్నలు ముందు ఇవ్వు. చుక్కలు వద్దు. ప్రతి ప్రశ్న కింద పాఠ్యపుస్తకంలో ఆ పేజీ నంబరు వెయ్యి, పుస్తకం తెరవాలి వాడు.

నువ్వు చిన్నప్పుడు నా దగ్గర సెలవులకొచ్చి, నా టీచింగ్ నోట్సులో ఎర్రపెన్నుతో టిక్కులు పెట్టేదానివి. అప్పుడు వీపు మీద ఒకటిచ్చాను. నొప్పెట్టిందా అని అప్పుడు అడగలేదు.

ఉద్యోగం ఇప్పుడే మానకు. ముందు పదో తరగతి ఫిజికల్ సైన్సు ఒక్కటి పూర్తి చెయ్యి, రాత్రి పదకొండు దాటి మేలుకోకుండా. ప్రింటుకి అప్పు చెయ్యకు, మొదట యాభై కాపీలు చాలు. కాంతి పాఠం అవ్వగానే వాట్సాప్‌లో కాకుండా కాగితం మీద పట్టుకుని ఆదివారం బయల్దేరి గుంటూరు రా. పక్కింట్లో తొమ్మిదో తరగతి పిల్ల ఉంది, దానికి చెప్పి ఉంచాను. మీ నాన్నతో నేను మాట్లాడతాను, నువ్వు మాత్రం ఎదురు చెప్పకు, వాడికి బీపీ.

ఇట్లు
మీ అత్తయ్య