దివ్యాంగుల పింఛను ఏటా పెరుగుతుందని లెక్క వేసుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 21 ఏళ్లు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం ఉంది. సదరం ధ్రువపత్రంలో (వైకల్య శాతాన్ని నిర్ధారించే ప్రభుత్వ పత్రం) 70 శాతం అని ఇచ్చారు. నెలకు రూ.6,000 పింఛను వస్తోంది. మా వారు తెనాలిలో చిన్న కిరాణా కొట్టు నడుపుతారు. అబ్బాయి పేరు మీద పోస్టాఫీసులో నెలకు రూ.2,000 రికరింగ్ డిపాజిట్ కడుతున్నాం. పింఛను ఎలాగూ పెరుగుతూ పోతుంది కాబట్టి డిపాజిట్ ఆపేసి, ఆ డబ్బుతో కొట్టులో సరుకు పెంచుదామని ఆయన అంటున్నారు. అమెరికాలో ఉన్న మా మరిది కూడా అక్కడ ఇలాంటి పింఛన్లు ఏటా పెరుగుతాయని చెప్పాడు. పదేళ్ల తర్వాత ఎంత వస్తుందని లెక్క వేసుకోవాలి? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ మరిది చెప్పింది అమెరికా వరకు నిజమే. అక్కడి సోషల్ సెక్యూరిటీ చెల్లింపులను, అంగవైకల్యం వల్ల వచ్చేవాటితో సహా, 1975 నుంచి ధరల సూచీకి ముడిపెట్టారు. ధరలు బాగా పెరిగాయి కాబట్టి 2023లో 8.7 శాతం పెంచారు. 2025లో పెరిగింది 2.5 శాతమే, 2016లో అసలు పెంచలేదు. ఎక్కువైనా తక్కువైనా ఆ పెంపు సూత్రం ప్రకారం దానంతటదే జరిగిపోతుంది, ఎవరూ హామీ ఇవ్వనక్కర్లేదు. మన దగ్గర అలాంటి సూత్రం లేదు. ఇక్కడ పింఛను పెరగాలంటే ప్రభుత్వం నిర్ణయించి ఉత్తర్వు ఇవ్వాలి.

ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పెంపుల తేదీలను వరుసగా చూస్తే ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. రాష్ట్ర విభజన తర్వాత, 2014 అక్టోబరులో, వైకల్యం 40 నుంచి 79 శాతం ఉన్నవారికి రూ.1,000, 80 శాతం ఆపైన ఉన్నవారికి రూ.1,500 చేశారు. ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా కదలిక లేదు. ఎన్నికలకు కొద్ది నెలల ముందు, 2019 జనవరిలో, రెట్టింపు చేశారు. అదే ఏడాది ప్రభుత్వం మారాక అందరికీ రూ.3,000 అయింది. అక్కడి నుంచి 2024 ఎన్నికలు ముగిసేదాకా అదే మూడు వేలు. ఆ తర్వాతే రూ.6,000 చేసి, పక్షవాతం లాంటి కారణాలతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ.15,000 ఇస్తున్నారు. మొదటి అంకెను, చివరి అంకెను మాత్రమే పక్కపక్కన పెడితే పదేళ్లలో నాలుగు నుంచి ఆరు రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది; మీ వారు చూస్తున్నది బహుశా అదే. పెంపులన్నీ ఎన్నికల ముందో వెనకో జరిగాయి, మధ్య ఏళ్లలో మాత్రం కుటుంబాలు పాత మొత్తంతోనే సరిపెట్టుకున్నాయి. ఆ మధ్య ఏళ్ల సంగతి ఆయన లెక్కలో లేదు.

ఎన్నికల ఒత్తిడి కూడా లేని చోట ఏమవుతుందో కేంద్రం వాటా చూస్తే అర్థమవుతుంది. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం 2009లో నెలకు రూ.200తో మొదలైంది. 2012లో రూ.300 చేశారు, ఇప్పటికీ అంతే. 80 శాతం వైకల్యం ఉన్న పేదలకే అది వర్తిస్తుంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ఇతరులకు ఇచ్చే ఇలాంటి సాయం కంటే దివ్యాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. ఈ నిబంధన వృద్ధుల పింఛనుతో పోలిక పెట్టిందే తప్ప బియ్యం ధరతో, మందుల ధరతో కాదు.

ఇక మీ లెక్క. పింఛను రూ.6,000 దగ్గరే ఆగి, ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుందాం. అయిదేళ్లకు ఆ ఆరు వేలతో ఇప్పటి ధరల్లో దాదాపు రూ.4,480 విలువైన సరుకే వస్తుంది, పదేళ్లకు రూ.3,350 విలువైనదే. ఈలోగా పెంచుతారా అంటే పెంచే అవకాశం ఉంది, గత చరిత్ర అదే చెబుతోంది. కానీ ఎప్పుడు, ఎంత అన్నది మీ చేతిలో లేదు కనుక ప్రణాళికలో రూ.6,000కు మించి రాసుకోకండి. ఎప్పుడైనా పెంచితే, పెరిగిన దాంట్లో సగమైనా అబ్బాయి పేరున దాచండి.

పింఛను పెరగకపోవడం కంటే అసలు ఆగిపోవడమే పెద్ద ప్రమాదం, దాని గురించి మీ ఇంట్లో ఎవరూ ఆలోచించినట్టు లేదు. 2025లో రాష్ట్రంలో సదరం ధ్రువపత్రాలను మళ్లీ పరీక్షించారు. వైకల్యం 40 శాతం కంటే తక్కువని తేలినవారికి నోటీసులు వెళ్లాయి. మీ అబ్బాయికి 70 శాతం కాబట్టి కంగారు అక్కర్లేదు గానీ, ధ్రువపత్రం తాత్కాలికమా శాశ్వతమా అన్నది ఇవాళే తీసి చూడండి. తాత్కాలికమైతే గడువు తేదీకి కొన్ని నెలల ముందే మీ వార్డు సచివాలయంలో అడిగి మళ్లీ పరీక్షకు స్లాట్ తీసుకోండి. రెండో ప్రమాదం మీ కొట్టుకు సంబంధించినది. 2019లో పెట్టిన అర్హత నియమాల్లో పట్టణాల్లో కుటుంబ ఆదాయం నెలకు రూ.12,000 దాటకూడదని, ఇంట్లో ఎవరూ ఆదాయపు పన్ను చెల్లించేవారై ఉండకూడదని ఉంది. కొట్టు బాగా నడిస్తే సంతోషమే, కానీ వ్యాపారం పెరిగే కొద్దీ పింఛను అర్హత సన్నగిల్లుతుంది. కొట్టూ పెరుగుతుంది, పింఛనూ పెరుగుతుంది అని రెండింటినీ కలిపి వేసిన లెక్క అందుకే నిలవదు. పింఛను రాష్ట్రానిది కాబట్టి రేపు హైదరాబాద్‌కు మారిపోతే అది మీ వెంట రాదు. తెలంగాణలో కొత్తగా దరఖాస్తు చేయాలి, అక్కడ 2023 నుంచి దివ్యాంగులకు ఇస్తున్నది రూ.4,016.

ఈ కారణాలన్నిటి వల్ల డిపాజిట్ ఆపవద్దనే నా సలహా. ప్రస్తుత 6.7 శాతం వడ్డీతో నెలకు రూ.2,000 చొప్పున అయిదేళ్లు కడితే దాదాపు రూ.1.42 లక్షలు చేతికొస్తాయి. గొప్ప రాబడి కాదు, ధరల పెరుగుదలను ఇంచుమించు అందుకుంటుంది, అంతే. అయినా ఈ డబ్బు ఏ ఉత్తర్వు మీదా, ఏ అర్హత మీదా ఆధారపడదు. గడువు తీరాక ఆ మొత్తాన్ని పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ (పీపీఎఫ్) అనే దీర్ఘకాలిక పొదుపు ఖాతాలోకి మళ్లించడం మంచిది. సరుకు పెంచాలంటే కొట్టు లాభంలోంచే పెంచమనండి.

అబ్బాయికి 18 దాటాయి గనుక తల్లిదండ్రులైనా సరే చట్టప్రకారం సంరక్షకులుగా నియామకం పొందాలి. బుద్ధిమాంద్యం ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఏర్పాటైన జిల్లా స్థాయి కమిటీ ఆ ఉత్తర్వు ఇస్తుంది. కలెక్టరు అందులో ఉంటారు. అదే ట్రస్టు నిర్వహించే నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు వస్తాయి. ఆ దరఖాస్తు కూడా వెంటనే పెట్టండి. సంరక్షకత్వ ఉత్తర్వు చేతికి వచ్చాక దాని నకలును పోస్టాఫీసులో, సచివాలయంలో ఇచ్చి, మీ ఇద్దరి తర్వాత ఆ బాధ్యత ఎవరిదో కూడా కుటుంబమంతా కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి.