సంక్రాంతికి శ్రీకాకుళంలో పక్షులు: తేలినీలాపురం ఒక్కటే చాలదు

సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో వస్తున్నామని, పక్షుల కోసం తేలినీలాపురం చూస్తే సరిపోతుందా అని అడిగారు. అక్కడికి తప్పకుండా వెళ్లండి, టెక్కలికి దగ్గరే. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరు ప్రాంతంలో వచ్చి ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. పిల్లలకు రెక్కలొచ్చాక మార్చి ప్రాంతంలో వెళ్లిపోతాయి. పురిటికొచ్చిన ఆడపడుచుల్లా ఊరివాళ్లు వాటిని చూసుకుంటారు. చెట్ల కింద మీ పిల్లలను కేకలు వేయనివ్వకండి.

నాకు మాత్రం చలికాలపు అసలు సంబరం వంశధార, నాగావళి గట్ల పక్కన వరి కోసిన మళ్లలోనే కనిపిస్తుంది. కోతల్లో రాలిన గింజలకు, తడి ఆరని నేలలోని పురుగులకు ఎన్ని రకాల పక్షులు దిగుతాయో! హిమాలయాల అవతలి నుంచి వచ్చిన జిట్టంగులనే చిన్న పిట్టలు తోకాడిస్తూ మీ ముందే పరుగులు తీస్తాయి. కరెంటు తీగల మీద వానకోవెలలు (స్వాలో పిట్టలు) బారులు తీరుతాయి, పాలపిట్ట అక్కడి నుంచే పురుగు మీదికి దూకుతుంది. గెడ్డల (వాగుల) అంచున ఉల్లంకులనే పొడవు ముక్కు పిట్టలు ఉంటాయి కానీ, బురద రంగులో కలిసిపోయి, కాలి దగ్గర నుంచి లేచేదాకా ఆనవు.

మంచు విడిచాక, ఏడు గంటల ప్రాంతంలో బయలుదేరండి. నీటికి తూర్పున నిలబడి పడమరకు చూస్తే ఎండ మీ వీపు మీద పడి, పక్షుల రంగులు తేటగా తెలుస్తాయి. తీతువు కూత వినగానే ఆగిపోండి. దాన్ని అపశకునమంటారు గానీ, అది పొలానికి కావలి. మనిషిని చూసి అది అరిచిందంటే చుట్టుపక్కల పక్షులన్నీ లేచిపోతాయి. గట్టు మీద కదలకుండా కూర్చుంటే కాసేపటికి మళ్లీ ఒక్కొక్కటీ దిగుతాయి. నేను చూసిన మంచి దృశ్యాలన్నీ అలా కూర్చున్నప్పుడు దొరికినవే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. కోసిన మడి ఖాళీగా ఉందనుకోవద్దు, అందులో మినుము, పెసర మొలకెత్తి ఉంటాయి. గట్టు దిగకండి, రైతు కనిపిస్తే అడిగి నడవండి. నిన్న ఏ పిట్ట ఎక్కడ వాలిందో కూడా ఆయనే చెబుతారు.

ఇంకొక పూట దొరికితే కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటికి వెళ్లండి, ఆటు సమయంలో బురద తేలినప్పుడు. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే, 42 మి.మీ. కటకాల) బైనాక్యులర్ ఒకటి ఉంటే చాలు, అదీ ముందు పిల్లల చేతికివ్వండి.