రోప్‌వే గీత గీసే ముందు

చి॥ శిరీషకు,

పెదనాన్న ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఊళ్లో రోప్‌వే వేయడానికి ప్రతిపాదన రాయమన్నారని, అది జనం రోజువారీ ప్రయాణానికీ టూరిజానికీ రెండింటికీ పనికొచ్చేలా ఉండాలన్నారని, పది రోజులే టైమ్ ఉందని చెప్పావు. నీ గొంతులోనే టెన్షన్ తెలిసిపోయింది. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

నేను రోప్‌వే మీద మనుషుల్ని మోయలేదు, ఇసుకను మోశాను. బొగ్గు తీసేసిన చోట పైకప్పు కూలకుండా ఇసుకతో నింపుతారని నీకు చిన్నప్పుడు చెప్పేవాణ్ణి కదా. గోదావరి ఒడ్డు నుంచి గనుల దాకా ఆ ఇసుకను బకెట్లలో తెచ్చే లైన్ మీద ఇరవై ఆరేళ్లు పనిచేశాను. మనుషులెక్కే రోప్‌వేల సంగతి రిటైరయ్యాక పట్టుబట్టి చదివి తెలుసుకున్నాను. బకెట్‌లో ఇసుక ఉన్నా క్యాబిన్‌లో మనిషి ఉన్నా రోప్ మీద పడే బరువు బరువే.

ముందుగా ఒక పని చెయ్యి. ఈ లైన్ ఎవరి కోసం అన్నది మొదటి పేజీలో మొదటి వాక్యంగా రాసుకో. 'అందరి కోసం' అని మాత్రం రాయకు. రవాణా, టూరిజం అని రెండు పడవల మీద చెరో కాలు పెట్టిన ప్రతిపాదన ఒడ్డు చేరడం కష్టం. రోజూ పనికి వెళ్లే మనిషి కోసం సరిగ్గా వేసిన లైన్‌ను చూడటానికి టూరిస్టు తనంతట తానే వస్తాడు. టూరిస్టు కోసం వేసిన లైన్ ఎక్కడానికి పనికెళ్లే మనిషి రాడు. నేను చదివిన ప్రతి ఊళ్లోనూ ఇదే కనిపించింది.

కొలంబియాలో మెడెలిన్ అనే నగరం ఉంది. అక్కడ కొండ వాలు మీద పేదవాళ్ల ఇళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. కింద లోయలో మెట్రో రైలు నడుస్తుంది. మెట్రో స్టేషన్ దాకా దిగి రావడానికే ఆ మనుషులకు ప్రాణం పోయేది. 2004లో కింది స్టేషన్ నుంచి కొండ మీది శాంటో డొమింగో దాకా రెండు కిలోమీటర్ల రోప్‌వే వేశారు. దాని పేరు కె లైన్. ముఖ్యమైన సంగతేమిటంటే, దాన్ని మెట్రో సంస్థే నడుపుతుంది, మెట్రో టికెట్‌తోనే ఎక్కొచ్చు. అందుకే అది జనానిదైంది. కొండ మీది నుంచి ఇంకా పైన ఉన్న ఆర్వీ పార్కుకు 2010లో మరో లైన్ వేసినప్పుడు దానికి వేరే టికెట్ పెట్టారు. పార్కుకు సరదాగా వెళ్లేది టూరిస్టు కాబట్టి. ఒకే ఊళ్లో, ఒకే స్టేషన్ దగ్గర, రెండు లైన్లు, రెండు లెక్కలు. నీ ప్రతిపాదనకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

బొలీవియాలో లా పాజ్ సంగతీ అంతే. పైన నాలుగు వేల మీటర్ల ఎత్తులో ఎల్ ఆల్టో, కింద లోయలో లా పాజ్. మధ్యలో వంకర టింకర రోడ్లు, వాటి నిండా మినీబస్సులు. 2014లో మొదటి లైన్ మొదలైంది. ఐదారేళ్లలోపే పది లైన్లు, దాదాపు ముప్పై కిలోమీటర్లు అయ్యాయి. ఎర్ర లైన్, పసుపు లైన్, ఆకుపచ్చ లైన్ అని రంగుల పేర్లు పెట్టడం నాకు బాగా నచ్చింది, చదువురాని ముసలమ్మ కూడా ఏ లైనో చెప్పగలదు. ఇప్పుడు ఆ ఊరు వెళ్లిన ప్రతి టూరిస్టూ అది ఎక్కి వస్తాడు. కట్టింది మాత్రం కూరగాయల మూట భుజాన వేసుకుని దిగే మనిషి కోసం.

ఇక లండన్ చూడు. 2012 ఒలింపిక్స్‌కు నెల ముందు థేమ్స్ నది మీద కిలోమీటరు పైచిలుకు రోప్‌వే తెరిచారు. ఆరు కోట్ల పౌండ్ల దాకా ఖర్చయింది. ఎక్కి చూస్తే అద్భుతంగా ఉంటుందట. కానీ దానికి రెండు పక్కలా కొండల్లేవు. ఆ నదినే కింద సొరంగంలో ట్యూబ్ రైలు ఒక్క స్టేషన్‌లో దాటేస్తుంది. పైగా ఊరంతా చెల్లే ట్రావెల్‌కార్డు అక్కడ చెల్లదు, టికెట్ వేరు. అలాంటప్పుడు రోజూ ఆఫీసుకు వెళ్లే మనిషి ఎందుకు ఎక్కుతాడు చెప్పు? సెలవు రోజుల్లో సరదాగా ఎక్కేవాళ్లతోనే అది నడుస్తోంది. అది టూరిస్టు లైన్. అలాగని ముందే చెప్పి కట్టి ఉంటే ఎవరికీ పేచీ ఉండేది కాదు.

ఇప్పుడు కెపాసిటీ లెక్క. దీన్ని కంపెనీల బ్రోచర్ చూసి దించేయకు, నీ చేత్తో వేసుకో. పది మంది పట్టే క్యాబిన్ పన్నెండు సెకన్లకొకటి బయలుదేరిందనుకో. నిమిషానికి ఐదు క్యాబిన్లు, యాభై మంది. గంటకు మూడు వేలు, ఒక వైపు. అది కూడా ప్రతి సీటూ నిండితే. హైదరాబాద్ మెట్రోలో మూడు బోగీల రైలు ఒక్కటి అటూ ఇటూగా వెయ్యి మందిని మోస్తుంది. అంటే గంటంతా తిరిగిన రోప్‌వే మూడు మెట్రో రైళ్లతో సమానం. కాబట్టి మెట్రో వేయాల్సిన రద్దీ దారిలో రోప్‌వే పెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. వేగం కూడా సెకనుకు ఐదారు మీటర్లే, గంటకు అటూ ఇటూగా ఇరవై కిలోమీటర్లు. దాని బలమంతా వేరే చోట ఉంది. సిగ్నల్ ఉండదు, ట్రాఫిక్ ఉండదు, బండి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడక్కర్లేదు. కొండో నదో లోయో అడ్డం వచ్చి రోడ్డు చుట్టూ తిరగాల్సిన చోట రోప్‌వే తిన్నగా దాటుతుంది. అలాంటి అడ్డం లేని చోట బస్సే మేలు.

కాశీలో కొండ లేదు కదా అని అడుగుతావు. నిజమే. అక్కడ కంటోన్మెంట్ రైల్వే స్టేషన్ నుంచి గొదౌలియా కూడలి దాకా నాలుగు కిలోమీటర్ల లోపు లైన్‌కు 2023 మార్చిలో శంకుస్థాపన చేశారు. అక్కడ అడ్డం కొండ కాదు, ఊరే. మనవాళ్లు కాశీకి వెళ్లొచ్చాక ముందు చెప్పేది ఆ సందుల గురించే కదా. రోడ్డు వెడల్పు చేయాలంటే ఎన్ని ఇళ్లు, ఎన్ని గుళ్లు కొట్టాలో.

గోల్కొండ కోట నుంచి కుతుబ్‌షాహీ సమాధుల దాకా రోప్‌వే అన్న ప్రతిపాదన గురించి నువ్వు అడిగావు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అది టూరిస్టు లైన్, టూరిస్టు లైన్ అనే రాయాలి. దాన్ని ట్రాఫిక్ సమస్యకు పరిష్కారంగా చూపిస్తూ డైలీ ప్యాసింజర్ల అంకెలు కలిపితే ఆ అంకెలే రేపు మెడకు చుట్టుకుంటాయి. టూరిస్టు లైన్‌గా చూసినా పని తక్కువేం కాదు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. వంద మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ పైన ఇంకో రెండు వందల మీటర్లు అనుమతి కావాలి. అంటే స్టేషన్ కోట గుమ్మం పక్కన రాదు. అక్కడిదాకా నడవాల్సిన దూరం, ఎండ, మోకాళ్ల నొప్పులతో వచ్చే పెద్దవాళ్లు, ఇవన్నీ లెక్కలోకి రావాలి. ఆ చుట్టుపక్కల సైన్యం స్థలం కూడా ఉంది, పై నుంచి గాజు క్యాబిన్లు పోతాయంటే వాళ్లను ముందు అడగాలి. ఇంకొకటి, మే నెల మధ్యాహ్నం గాజు డబ్బాలో పది నిమిషాలు కూర్చోవడం ఎలా ఉంటుందో ఆలోచించు. క్యాబిన్‌లో గాలి ఎలా ఆడుతుందో, ఈదురుగాలులు, పిడుగులు వచ్చే సాయంత్రాల్లో ఎన్ని గంటలు ఆపాల్సి వస్తుందో ఒక పేరా రాయి.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన సంగతి.

మా లైన్ ఒక పల్లె పక్క నుంచి పోయేది. రోడ్డు దాటే చోట కింద వల కట్టాం, ఇళ్ల మీద కట్టలేదు. ఒకరోజు ఒక ముసలమ్మ చాటలో వడ్లు పట్టుకుని మా షెడ్డుకు వచ్చింది. ఏమీ అనలేదు. చాట నా ముందు పెట్టి వేలితో వడ్లు పక్కకు జరిపింది. అడుగున సన్నటి ఇసుక. వాకిట్లో ఆరబోసిన వడ్ల మీద మా బకెట్లు ఊగినప్పుడల్లా రాలిన ఇసుక. లైన్ గీసినప్పుడు మ్యాప్ మీద ఆ ఇల్లు ఒక చుక్క. తర్వాత వల కట్టించాం గానీ, ఆమె చాట ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. అందుకే చెబుతున్నాను, నీ గీత కిందికొచ్చే ప్రతి వాకిలి దగ్గరికీ వెళ్లు. స్తంభం ఎవరి స్థలంలో పడుతుందో అందరూ అడుగుతారు. పై నుంచి వెళ్లేవాళ్ల కళ్లు ఎవరి పెరట్లో పడతాయో అడిగేవాళ్లు తక్కువ. అమెరికాలో పోర్ట్‌లండ్‌లో కొండ మీది ఆస్పత్రికి కేబుల్ కారు వేసినప్పుడు కింది వీధివాళ్లు గట్టిగా అడ్డుపడ్డది అందుకే. దాని ఖర్చు కూడా మొదట కోటిన్నర డాలర్లు అన్నారు, 2007లో జనం ఎక్కేనాటికి ఐదున్నర కోట్లు దాటింది. అంచనా రాసేటప్పుడు ఇది గుర్తుంచుకో.

ఇక మెయింటెనెన్స్. దీన్ని చివరి పేజీకి తోయకు. మేము లైన్ ఆపిన రోజు నూలుగుడ్డ ముక్కతో రోప్ పట్టుకుని చెయ్యి జరుపుతూ పోయేవాళ్లం. ఎక్కడైనా సన్నని తీగ తెగి ఉంటే గుడ్డ దానికి చిక్కుకుంటుంది. అక్కడ సున్నంతో గుర్తు పెట్టి, ఎన్ని తీగలు తెగాయో పుస్తకంలో రాసేవాళ్లం. ఇప్పుడు అయస్కాంతంతో రోప్ లోపలి దెబ్బ కూడా పట్టే యంత్రాలున్నాయి. యంత్రం ఉన్నా, ఆపి చూడటానికి టైమ్, చూసే మనిషి, ఆ మనిషికి జీతం ఉండాలి. టికెట్ డబ్బు రాని నెలలో కూడా ఆ జీతం ఎక్కడి నుంచి వస్తుందో నీ ప్రతిపాదనలో కనిపించాలి. బ్రెజిల్‌లోని రియో నగరంలో కొండ మీది బస్తీలకు 2011లో ఎంతో ఆర్భాటంగా తెరిచిన రోప్‌వే 2016లో ఆగిపోయి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. దాన్ని నమ్ముకున్న జనం మళ్లీ మెట్లెక్కారు.

2022లో శ్రీరామనవమి నాడు జార్ఖండ్‌లో దేవ్‌ఘర్ దగ్గర త్రికూట పర్వతం మీద జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది. రోప్‌వే ఆగి, కొందరు రెండు రాత్రులు గాల్లో క్యాబిన్లలోనే ఉన్నారు. హెలికాప్టర్లతో దించాల్సి వచ్చింది. ముగ్గురు పోయారు. ఆ వార్త చూస్తూ నేను అన్నం తినలేకపోయాను. కరెంటు పోతే డీజిల్ ఇంజన్‌తో క్యాబిన్లను స్టేషన్‌కు లాగే ఏర్పాటు ఉందా, అదీ పనిచేయకపోతే ప్రతి స్తంభం మధ్యా మనుషుల్ని ఎలా దించుతారు, ఎన్ని గంటల్లో దించుతారు, ఇవి రాయని ప్రతిపాదన మీద సంతకం పెట్టకు. పై ఆఫీసర్ ఒత్తిడి చేసినా పెట్టకు.

ఒక ఆశ చెప్పి ముగిస్తాను. రోజూ వెళ్లే మనిషి కోసం మన రాష్ట్రాల్లో ఎక్కడైనా చూడమంటే నేను విజయవాడ కొండల వైపు చూస్తాను. వన్‌టౌన్, చిట్టినగర్, గుణదల. మీ పిన్ని వాళ్లింటికి వెళ్లినప్పుడు చూశావు కదా, గ్యాస్ సిలిండర్ భుజాన పెట్టుకుని మెట్లెక్కే కుర్రాడు మధ్యలో ఎన్నిసార్లు ఆగాడో. అక్కడ దూరం తక్కువ, ఎత్తు ఎక్కువ. రోప్‌వేనే కావాలని కూడా లేదు. అదే మెడెలిన్‌లో ఇంకో కొండ బస్తీకి 2011లో ఆరుబయట ఎస్కలేటర్లు పెట్టారు. ఏది నప్పుతుందో అక్కడి మెట్లు లెక్కపెడితేనే తెలుస్తుంది.

ఈ ఆదివారం ప్రతిపాదన పక్కన పెట్టి, ఒక నోట్‌బుక్, వాటర్ బాటిల్ పట్టుకుని నీ లైన్ మొదలయ్యే చోటికి పొద్దున ఆరున్నరకే వెళ్లు. ఎవరు, ఎటు, ఏం మోసుకుని పోతున్నారో రాసుకో. మంగళవారం మళ్లీ వెళ్లు. ఆ పుస్తకం తీసుకుని ఇంటికి రా. పెద్దమ్మ నీకోసం సకినాలు చేసి పెడుతుంది, మనిద్దరం కూర్చుని గీత ఎక్కడ గీయాలో చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న