హైదరాబాద్‌లో వైన్ టేస్టింగ్: రెండు సీసాలు తీసుకెళ్తే చాలు

ప్రశ్న: డాలస్ వచ్చి ఏడాది అయింది. డిసెంబర్‌లో సెలవుకి హైదరాబాద్ వెళ్తున్నాను. కొండాపూర్‌లో మా ఇంటికి ఇంజినీరింగ్ ఫ్రెండ్స్‌ని పిలిచి వైన్ టేస్టింగ్ పెడదామనుకుంటున్నాను. ఎన్ని సీసాలు తీసుకెళ్లాలి? ఏమేం చూసుకోవాలి?

జవాబు: రెండు చాలు. ఇండియాలో దిగే ఒక్కొక్కరు సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. మామూలు వైన్ సీసా 750 మిల్లీలీటర్లు. మూడోది పెట్టారంటే 2.25 లీటర్లయి లెక్క దాటిపోతుంది. ఆ రెండూ చెక్-ఇన్ సూట్‌కేస్‌లో బట్టల మధ్య పెట్టండి.

మిగతావి హైదరాబాద్‌లోనే కొనండి. అసలు సరదా అక్కడే ఉంది. అన్నీ అమెరికా సీసాలే పెడితే వచ్చినవాళ్లు మొహమాటానికి పొగుడుతారు తప్ప, తమ నోటికి ఏది నచ్చిందో చెప్పరు. మీరు తెచ్చిన కాలిఫోర్నియా కాబెర్నె సావిన్యాన్ రెడ్ వైన్ పక్కన అదే ద్రాక్షతో మన దేశంలో చేసిన వైన్ పెట్టండి. నాసిక్ సూలా ఉంది, నంది హిల్స్ గ్రోవర్ జంపా ఉంది. హంపీ దగ్గరి క్రిస్మా దొరికితే మాత్రం వదలొద్దు. ఆ ద్రాక్షతోట పెట్టింది గ్రాన్యూల్స్ ఇండియా ఫార్మా కంపెనీ చిగురుపాటి కృష్ణప్రసాద్ గారు, హైదరాబాద్ ఆయనే. సీసాలకు న్యూస్‌పేపర్ చుట్టి 1, 2, 3 అని రాసేయండి. పేరూ ధరా తెలియకపోతే ఒక్కొక్కరూ భలే ధైర్యంగా మాట్లాడతారు. పేపర్ విప్పేటప్పుడు చూడాలి వాళ్ల మొహాలు!

ఒక్కొక్కరికి 60 మిల్లీలీటర్లు పోస్తే సీసా పన్నెండు మందికి వస్తుంది. ఆరుగురికి నాలుగు సీసాలు దండిగా సరిపోతాయి. ముందు వైట్, తర్వాత రెడ్, తీపివి ఆఖర్న.

అందరూ తప్పు చేసేది వేడి దగ్గర. రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలన్న మాట చలిదేశాల ఇళ్లను చూసి పుట్టింది. వాళ్ల లెక్క 16, 18 డిగ్రీలు. మన హాల్లో పదిమంది కూర్చుంటే డిసెంబర్‌లోనూ అంతకంటే వెచ్చగానే ఉంటుంది. ఆ వేడికి వైన్‌లో ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. రెడ్‌ని పోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, వైట్‌ని రెండు మూడు గంటలు.

ఇంకొకటి, వాసన. వైన్ రుచిలో సగం పైగా ముక్కుదే. సాయంత్రం దేవుడి దగ్గర వెలిగించిన అగరుబత్తి హాల్లో ఇంకా తిరుగుతుంటే, వంటింట్లో తాలింపు వేస్తుంటే గ్లాసులో ఏముందో తెలియదు. కాసేపు కిటికీలు తీసి ఉంచండి. సెంటు కొట్టుకుని రావద్దని ఫ్రెండ్స్‌కి కూడా చెప్పండి.

టేస్టింగ్ అయ్యేదాకా ఉప్పు లేని బ్రెడ్డు, కాస్త చీజ్, మంచినీళ్లు చాలు. మిర్చి బజ్జీ తిన్న నోటికి రెడ్ వైన్ మంట, వగరు తప్ప ఇంకేమీ ఇవ్వదు. బిర్యానీ ఆఖర్న తెప్పించండి. దాంతో పాటు వైన్ కావాలంటే కొద్దిగా తీపి ఉన్న చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ బాగుంటుంది. ఉస్మానియా బిస్కెట్లతో తీపి వైన్ కూడా ఒకసారి చూడండి.

ఇవన్నీ సరే, ముందు అమ్మానాన్నలని అడగండి. వాళ్లకి ఇష్టం లేకపోతే ఫ్రెండ్ ఫ్లాట్‌లో పెట్టుకోండి, అంతేగానీ దాచి చేయొద్దు. తాగనివాళ్లని ఒక్క గుక్కేనంటూ బలవంతపెట్టొద్దు. వాళ్లకి మంచి ద్రాక్షరసం అదే గ్లాసులో ఇవ్వండి.

ఉప్పల్ నుంచో ఎల్బీనగర్ నుంచో వచ్చేవాళ్లని బండి ఇంట్లో పెట్టి క్యాబ్‌లో రమ్మనండి. బండి నడిపేవాళ్ల రక్తంలో 100 మిల్లీలీటర్లకి ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాస్త కాస్తే తాగామని లైట్ తీసుకోవద్దు, నాలుగు రకాలు రుచి చూస్తే 240 మిల్లీలీటర్లు లోపలికి వెళ్లినట్టే. రాత్రికి ఉండిపోయేవాళ్లు ఎందరో ముందే కనుక్కుని పరుపులు, దుప్పట్లు సిద్ధం చేసుకోండి.