ముందు సీసాకు ముసుగు తొడుగు

అమ్మాయీ,

నువ్వు పంపిన వైన్ సమీక్షలు చదివాను. వారమంతా పరిశోధనలో తలమునకలై ఉండి, తీరిక దొరికితే గ్లాసుల ముందు కూర్చుని ఇంత ఓపిగ్గా రాశావంటే ఇది నాలుగు రోజుల సరదా కాదని తెలుస్తూనే ఉంది. అందుకే మెచ్చుకోళ్లు పక్కనపెట్టి పనికొచ్చే మాటలే రాస్తున్నాను. రసాయనశాస్త్రాన్నీ వైన్‌నూ రెండింటినీ చాలాకాలంగా వదలకుండా పట్టుకున్న మనిషి మాటలివి. కొన్ని నీకు రుచించకపోవచ్చు.

రెండో సమీక్షతో మొదలుపెడతాను. కాబర్నే సావిన్యాన్ ద్రాక్షతో చేసిన ఒక ఎర్ర వైన్ గురించి ‘మెథాక్సీపైరజీన్ స్పష్టంగా తెలుస్తోంది, మాలోలాక్టిక్ కిణ్వనం పూర్తయిన జాడ ఉంది’ అని రాశావు. రెండోదాని సంగతి ముందు చూద్దాం. వైన్‌లోని పదునైన మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్చడమే ఆ కిణ్వనం. ఎర్ర వైన్లలో దాదాపు అన్నిటికీ అది జరుగుతుంది. దాన్ని ప్రత్యేకంగా రాయడం పాలు తెల్లగా ఉన్నాయని రాసినట్టు. ఇక మొదటిది. నీ ముక్కుకు తగిలింది మెథాక్సీపైరజీన్ కాదు, అప్పుడే కోసిన పచ్చి క్యాప్సికం వాసన. దాని వెనకున్న అణువు పేరు నీ చదువు అందించింది. పైగా ద్రాక్ష రకం లేబుల్ మీద ముందే చదివావు. ఆ రకంలో ఆ అణువు ఉంటుందని నీకు ముందే తెలుసు. మరి ఆ వాసన నిజంగా వచ్చిందా, రావాలని అనుకున్నందుకు వచ్చిందా? నీ రాత చూసి నేను చెప్పలేను. నువ్వూ చెప్పలేవు.

ఈ సరదాలోకి దిగిన శాస్త్రవేత్తలకు అంటుకునే జబ్బు ఇదే. ప్రయోగశాల నుంచి పద్ధతిని తెచ్చుకోవలసింది పోయి పరిభాషను తెచ్చుకుంటారు. పరిభాష చదివేవాడిని భయపెడుతుంది, రాసేవారిని మోసగిస్తుంది. పద్ధతి మాత్రం రాసేవారిని అదుపులో పెడుతుంది. నాకు కావలసింది రెండోది.

బోర్డో విశ్వవిద్యాలయంలో బ్రోషే, ఆయన సహచరులు చేసి 2001లో ప్రచురించిన ప్రయోగం గురించి నువ్వు వినే ఉంటావు. వైన్ తయారీ శాస్త్రం చదువుతున్న 54 మందికి ఒకే తెల్ల వైన్‌ను రెండు గ్లాసుల్లో ఇచ్చారు. ఒకదానిలో వాసన లేని ఎర్ర రంగు కలిపారు. రంగు కలిపిన గ్లాసును వాళ్లు ఎర్ర వైన్లకు వాడే మాటలతో వర్ణించారు. ఈ కథ చెప్పుకుని వైన్ పండితులను ఎగతాళి చేయడం చాలామందికి ఇష్టం. నాకు ఆ ఎగతాళి నచ్చదు. వాళ్లకు చదువుంది, ముక్కులూ బాగానే పనిచేస్తున్నాయి. కన్ను ముందుగా తీర్పు చెప్పేసింది, ముక్కు తలూపింది. నీ ముక్కు అంతకన్నా మొండిదని నమ్మడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

రాబర్ట్ హాడ్జ్‌సన్ చేసిన పని మనకు ఇంకా దగ్గరిది. ఆయన సముద్రశాస్త్రం బోధించిన ఆచార్యుడు, సొంతంగా చిన్న వైనరీ నడిపినవాడు. ఒకే వైన్ ఒక పోటీలో బంగారు పతకం తెచ్చుకుని మరోదానిలో ఏమీ లేకుండా వెనక్కి రావడం చూసి, అందరిలా ఫిర్యాదు చేసి ఊరుకోలేదు. కొలిచాడు. కాలిఫోర్నియా రాష్ట్ర ఉత్సవంలో జరిగే పోటీలో 2005 నుంచి నాలుగేళ్లు, న్యాయనిర్ణేతల ముందున్న గ్లాసుల వరుసలో ఒకే సీసాలోని వైన్‌ను మూడు చోట్ల పోయించాడు. మూడుసార్లూ ఒకే పతకం స్థాయిలో మార్కులు వేసినవాళ్లు సుమారు పది శాతమే. వాళ్లంతా అనుభవం ఉన్నవాళ్లు. నువ్వు మూడో సమీక్ష చివర ‘100కి 91’ అని రాసి గీత గీశావే, ఆ ఒక్క అంకె దగ్గర నాకు నవ్వొచ్చింది. నీ పరిశోధనపత్రంలో లోపపరిమితి లేకుండా ఏ కొలతనైనా పంపే ధైర్యం నీకుందా? కొంతకాలం మార్కులు మానెయ్యి. వేయాలనిపిస్తే, అదే వైన్‌ను అదని తెలియకుండా మరోరోజు రుచి చూసి, రెండు అంకెలూ పక్కపక్కన రాయి. మధ్య ఎంత దూరం ఉందో చదివేవాడికీ తెలియాలి.

దీనికి మందు పాతదే. 1920లలో ఆల్గేల మీద పరిశోధన చేసే మ్యూరియెల్ బ్రిస్టల్, కప్పులో పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది తాగి చెప్పగలనంది. గణాంకశాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ ఆ మాటను కొట్టిపారేయలేదు, అలాగని నమ్మేయనూ లేదు. ఎనిమిది కప్పులు, నాలుగు ఇలా, నాలుగు అలా, వరుస కలగాపులగంగా. ఊహించి చెబితే అన్నీ సరిపోయే అవకాశం 70లో 1. మన గణాంకశాస్త్రంలో పెద్ద భాగం రుచి చూసే ఒక పందెం చుట్టూ పెరిగిందంటే, గ్లాసు ముందు దాన్ని మరిచిపోవడం మనకు తగని పని.

నీ బల్ల మీద ఇలా చెయ్యి. ఒకేలాంటి మూడు గ్లాసులు తీసుకో. రెండింటిలో ఒక వైన్, మూడోదానిలో మరొకటి. పోసేది నువ్వు కాకూడదు, పోసినవారు నీ ఎదురుగా నిలబడకూడదు. సీసాకు బట్ట సంచి తొడిగితే చాలదు. బోర్డో సీసాకు భుజాలు ఎత్తుగా, బర్గండీ సీసాకు జారుగా ఉంటాయి కాబట్టి ఆకారం చూస్తేనే గుట్టు బయటపడుతుంది. గ్లాసుల కింద మూడంకెల సంఖ్యలు రాయించు. ఒకటి, రెండు, మూడు అని రాస్తే ఒకటో నంబరు మీద మనసు మొగ్గుతుంది. రంగులో తేడా ఉంటే దీపం తగ్గించు, నల్ల గ్లాసులు దొరికితే మరీ మంచిది. వేరుగా ఉన్నది ఏదో చెప్పు. ఒకసారి సరిగ్గా చెప్పినందుకు సంబరపడకు, గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది. ఆరుసార్లలో ఐదుసార్లో, ఆరుసార్లూనో సరిపోతే అప్పుడు మాట్లాడుకుందాం. ఊహతో అది జరిగే అవకాశం రెండు శాతం లోపే. రెండు వైన్ల మధ్య తేడానే పట్టుకోలేనప్పుడు వాటిలో ఒకటి ‘అద్భుతం’, మరొకటి ‘సాధారణం’ అని ఎలా రాస్తావు?

తర్వాత నీ ముక్కు సంగతి. ఏ పరికరాన్నీ ప్రామాణిక నమూనా లేకుండా నమ్మవు కదా, దీన్ని మాత్రం ఎందుకు నమ్ముతున్నావు? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పనిచేసిన ఆన్ నోబుల్ 1980లలో వైన్ వాసనల పేర్లను గుండ్రటి బొమ్మలో పేర్చి పరిమళాల చక్రాన్ని తయారుచేసింది. ఆ చక్రం బొమ్మను గోడకు తగిలించుకునేవాళ్లే ఎక్కువ, దాని వెనకున్న పని చేసేవాళ్లు తక్కువ. ఆ పని ఇది: ప్రత్యేకమైన వాసనేమీ లేని మామూలు తెల్ల వైన్‌ను కొన్ని గ్లాసుల్లో పోసి, ఒకదానిలో క్యాప్సికం ముక్క, ఒకదానిలో నిమ్మ తొక్క, ఇంకొకదానిలో నలిపిన మిరియాలు వేసి మూతపెట్టు. కాసేపయ్యాక అవి తీసేసి, ఏది ఏదో తెలియకుండా వాసన చూడు. ఆ తర్వాత అదే వైన్ కలిపి పలచన చేస్తూ పో. ఎక్కడ నీకు వాసన ఆగిపోతుందో అది నీ హద్దు. దాన్ని నోటు పుస్తకంలో రాసుకో. మళ్లీ కొన్ని నెలల తర్వాత చెయ్యి, మారి ఉంటుంది.

ఆ హద్దులు మనిషి మనిషికీ ఎంత వేరో రోటండోన్ అనే అణువు విషయంలో బాగా తెలిసింది. షిరాజ్ అనే ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్లలో మిరియాల వాసనకు కారణం అదేనని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. ఎర్ర వైన్‌లో లీటరుకు 16 నానోగ్రాములుంటే చాలు, పట్టేసేవాళ్లున్నారు. అదే పరీక్షలో ఐదోవంతు మందికి మాత్రం ఉత్త నీళ్లలో లీటరుకు 4,000 నానోగ్రాములు కలిపి ఇచ్చినా ఏమీ తెలియలేదు. నువ్వు ఆ ఐదోవంతులో ఉన్నావేమో చూసుకున్నావా? ఉంటే సిగ్గుపడే పని లేదు. ‘నాకు మిరియాల వాసన తెలియదు, షిరాజ్ గురించి నేను రాసేది అది దృష్టిలో పెట్టుకుని చదవండి’ అని ఒక వాక్యం రాస్తే సరి. సమీక్షకుల్లో అంత నిజాయితీ చాలా అరుదు, నువ్వు మొదలుపెట్టు.

బిరడా దోషాన్ని, అంటే సీసా బిరడా నుంచి వైన్‌కు అంటే చెడును, పట్టుకోవడం మాత్రం తప్పనిసరిగా నేర్చుకో. దానికి కారణమైన ట్రైక్లోరోఅనిసోల్ లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. అంతకన్నా తక్కువగా ఉంటే ఆ వాసనా తెలియదు, పండ్ల పరిమళం మాత్రం చచ్చిపోతుంది. ‘పేలవంగా ఉంది’ అని నువ్వు రాసిన వైన్ నిజంగా పేలవమైనదా, ఆ ఒక్క సీసా పాడైందా? అనుమానం వస్తే రెండో సీసా చూడకుండా అచ్చుకివ్వకు. ఒకరి ఏడాది కష్టం అందులో ఉంది.

రుచి చూసే తీరు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రుచి పరీక్షల కోసమే ప్రామాణికం చేసిన గ్లాసు ఉంది, 215 మిల్లీలీటర్లు పట్టే దానిలో 50 మాత్రమే పోస్తారు. మిగతా ఖాళీ వాసన నిలవడానికే. తెల్లవి 8 నుంచి 12 డిగ్రీల్లో, ఎర్రవి 15 నుంచి 18లో ఉంచు. మరీ చల్లబడితే పరిమళం ముడుచుకుని వగరు ముందుకొస్తుంది, వేడెక్కితే ఆల్కహాలు ముక్కును పొడుస్తుంది. నోట్లో పెట్టుకుని కాస్త గాలి పీల్చి, అన్ని వైపులా తిప్పి, ఉమ్మేశాక ముక్కు నుంచి ఊపిరి వదులు. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం అప్పుడే తెలుస్తుంది. వగరైన ఎర్ర వైన్లు వరుసగా చూస్తూ పోతే నోరు మొద్దుబారుతుంది, ఐదో దానికి అన్యాయం జరుగుతుంది. కాబట్టి మధ్యలో ఆగు, రెండోసారి వరుస తిరగేసి చూడు. గ్లాసు గోడల మీద జారే ధారలను చూసి నాణ్యత చెప్పేవాళ్ల మాటలు పట్టించుకోకు. ఆల్కహాలు ఆవిరవుతుంటే తలతన్యతలో వచ్చే తేడా అది. జేమ్స్ థామ్సన్ 1855లోనే వివరించాడు.

ఇక రాత. ఆ కాబర్నేను నేను నీ స్థానంలో ఉంటే ఇలా రాసేదాన్ని: ‘గ్లాసులో పోయగానే పచ్చి క్యాప్సికం. పది నిమిషాలకు అది తగ్గి నల్ల పండ్ల వాసన, దాని వెనక పెన్సిల్ చెక్కిన పొట్టు. పులుపు నోరూరించేంత ఉంది. వగరు చిగుళ్లను పట్టుకుని వదలలేదు. పండు రుచి ముందే వెళ్లిపోయింది, వగరే మిగిలింది. ఇంకొన్నేళ్లు ఉంచితే కుదురుకోవచ్చు, ఇప్పుడైతే కష్టం.’ ఇందులో అణువుల పేర్లు లేవు. కాలక్రమం ఉంది, తూకం ఉంది, చివరికి ఒక తీర్పు ఉంది. తీర్పు చెప్పడానికి నువ్వు వెనకాడుతున్నట్టు కనిపిస్తోంది. అన్నీ కొలిచాక కూడా నచ్చిందా లేదా అన్నది నీ సొంత మాటే, దాన్ని దాచకు. అందుకే కదా ఇది పరిశోధనపత్రం కాకుండా సమీక్ష అయింది! నోటు పుస్తకంలో మాత్రం పక్కన ఇంకో గడి పెట్టుకుని నీకు ఇష్టమైనన్ని రసాయనాల పేర్లు రాసుకో. ఆ సరదా నాకూ ఉంది. సీసా ముసుగు తీశాక నీ ఊహలు ఎన్ని నిలిచాయో చూసుకోవడంలో ఉన్న మజా మరెందులోనూ లేదు.

ఎవరైనా ఉచితంగా సీసాలు పంపితే సమీక్ష మొదట్లోనే ఆ సంగతి రాయి. పరిశోధనపత్రం చివర ఎవరి నుంచి ఏం ప్రయోజనం పొందావో రాసే అలవాటు నీకు ఉన్నదే. ప్రయోగశాల బీకర్లు ఇంటికి తెచ్చి వాటిలో వైన్ పోయకు, వైన్‌ను తీసుకెళ్లి అక్కడి యంత్రంలోనూ పెట్టకు. మొదటిది ప్రమాదం, రెండోది ఇతరుల డబ్బు.

ఒక్క విషయంలో మాత్రం బతిమాలను, ఖండితంగా చెబుతున్నాను. ఉమ్మెయ్యి. మద్య పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి వర్గం క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ఎర్ర వైన్ గుండెకు మంచిదన్న మాట నీ సమీక్షల్లో ఎక్కడా కనిపించకూడదు. ఉమ్మినా కొంత ఒంట్లోకి వెళ్తుంది, కాబట్టి ఆ రోజు బండి నడపకు. రుచి చూడటం తాగడంగా మారుతోందని అనిపిస్తే కొన్ని వారాలు గ్లాసులు లోపల పెట్టెయ్యి. వాసనల గ్లాసులతో సాధన చేసుకోవడానికి గుటక వేయక్కర్లేదు.

తర్వాతి సమీక్షలు పంపేటప్పుడు సీసాల పేర్లు, ధరలు, ద్రాక్ష రకాలు తీసేసి పంపు. వాటిలో ఒక వైన్‌ను రెండు వేర్వేరు రోజుల్లో, ఏదో తెలియకుండా రుచి చూసి రాసిన రెండు సమీక్షలు కలుపు. ఏ రెండూ జంటో నాకు చెప్పకు. చదివి పట్టుకోగలనేమో చూస్తాను. పట్టుకోలేకపోతే ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఏ వాక్యం దగ్గర అవి విడిపోయాయో ఇద్దరం కలిసి వెతుకుదాం.

ఆశీస్సులతో,
మీ టీచర్