పాత చెక్క బాతుకి మళ్ళీ రంగు వేయించవచ్చా?

ప్రశ్న: అమెరికాలో పాత సామాన్ల అమ్మకంలో ఒక చెక్క బాతు కొన్నాను. రంగు పెచ్చులూడుతోంది, ముక్కు విరిగింది. బాగు చేయించాలా?

దయచేసి రంగు జోలికి వెళ్ళకండి. ఇది షోకేసు బొమ్మ కాకపోవచ్చు, నిజం బాతులను రప్పించడానికి వేటగాళ్ళు నీళ్ళ మీద వదిలిన ఎర అయ్యుండవచ్చు. తెలుగులో దీనికి ‘దీమం’ అనే చక్కటి పాత మాట ఉంది. చెక్కినవాడి చెయ్యి ఎక్కువగా కనిపించేది ఆ మొదటి రంగులోనే. తడి ఆరకముందే రంగు మీద దువ్వెన లాగి ఈకల గీతలు తెచ్చేవాళ్ళున్నారు. పైన కొత్త పూత పడితే అదంతా పోయినట్టే. మసాచుసెట్స్‌కు చెందిన ఎల్మర్ క్రోవెల్ చెక్కిన రెండు పక్షులు 2007లో ఒక్కొక్కటి పది లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయాయంటే, ఆ చేతిపనితో పాటు చెడని రంగు కూడా కారణమే.

ముందు బాతుని తిరగేసి చూడండి. అడుగున సీసం ముక్క, తాడు కట్టే కొక్కెం ఉంటే నిజంగా నీళ్ళలో వాడిందే అనుకోవచ్చు. అదే ఒడ్డున నిలబెట్టే పుల్ల గుచ్చే రంధ్రం ఉంటే, ఉల్లంకి లాంటి ఒడ్డు పిట్ట రూపంలో చేసిన ఎర కావచ్చు. వాటి ముక్కు సన్నగా, చాలాసార్లు విడి ముక్కగా ఉంటుంది కాబట్టి అదే ముందు విరుగుతుంది.

ముక్కు అతికించవచ్చు, కానీ మళ్ళీ ఊడదీయగలిగే జిగురుతోనే. పాత ముక్క దొరికితే పారేయకండి. దుమ్ముకు మెత్తటి బ్రష్ చాలు. థిన్నర్ మాత్రం వద్దు. ఎండ, హీటర్ పక్కన పెడితే చెక్క బీటలిస్తుంది.