రాబోయే హైబ్రిడ్ కార్లలో ఏమేం మారితే బాగుంటుంది?

మైలేజీకి వంక పెట్టక్కర్లేదు. మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా నడిపే కారు) అధికారిక లెక్కే లీటరుకు 27.97 కి.మీ. అసలు ఇబ్బంది డిక్కీతో. బ్యాటరీ దాని కింద కూర్చోవడంతో, మామూలు మోడల్లో 373 లీటర్లున్న చోటు హైబ్రిడ్‌లో 265కి తగ్గింది. సంక్రాంతికి నలుగురు ఊరెళ్తే ఒక బ్యాగు ఒళ్లోకి రావాల్సిందే! టయోటా 2018 క్యామ్రీలో చేసినట్టు బ్యాటరీని వెనక సీటు కిందికి జరిపితే చాలావరకు గొడవ తీరుతుంది.

రెండోది బ్యాటరీ సైజు. గ్రాండ్ విటారా బ్యాటరీలో పట్టేది 0.76 యూనిట్ల కరెంటే. ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని పాకుతుంటే కాసేపటికే ఇంజిన్ అందుకుంటుంది. విదేశాల్లో అమ్మే టయోటా ప్లగ్-ఇన్ ప్రియస్‌లో 13.6 యూనిట్ల బ్యాటరీ ఉంది. రాత్రి ఇంట్లో చార్జింగ్ పెడితే రోజూ ఆఫీసుకెళ్లి రావడానికి పెట్రోలు పెద్దగా ముట్టుకోనక్కర్లేదు. మధ్యతరగతి ధరలో అలాంటిది ఇక్కడికి రావాలి. ధర పెరుగుతుంది, నిజమే. సన్‌రూఫ్ తీసేసినా నాకు అభ్యంతరం లేదు.

ఇంకో చిన్న విషయం: చాలా హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లబరిచే గాలి వెనక సీటు పక్కనున్న జాలీలోంచి వెళ్తుంది. అక్కడ దుప్పటో సంచో అడ్డుపడినా, దుమ్ము పేరుకున్నా బ్యాటరీ వేడెక్కుతుంది. ఆ ఫిల్టర్ చేత్తో సులువుగా ఊడి రావాలి.